కొట్టుగది గోడ

కొత్త కాలు పెట్టుకుని నడవడం మార్చి నెలాఖరుకల్లా నాకు వచ్చేసింది. నందిగామలో ఫిజియోథెరపీ చేసే జాయిస్ నన్ను గదిలో అటూ ఇటూ నడిపించి, మెట్లెక్కించి, దింపి, ఇక మీరు పిల్లలకు పాఠాలు చెప్పుకోవచ్చు మేడం అంది. ఆ ఊళ్లోనే జూనియర్ కాలేజీలో నేను ఫిజిక్స్ చెబుతాను. డిసెంబరులో హైవే మీద ఒక లారీ నా స్కూటీని పక్కకు నెట్టేసి వెళ్లిపోయింది. కుడికాలు మోకాలి కింద తీసేశారు. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు. జూన్‌లో కాలేజీ తెరిచిన రోజున జగ్గయ్యపేటలో నా అంతట నేను బస్సెక్కి, నందిగామలో నా అంతట నేను దిగాలి. ఆ వేసవి అంతా నా మనసులో ఉన్నది అదొక్కటే.

"అన్నీ బానే ఉన్నాయి గానీ, స్నానం ఎట్లా చేస్తున్నారు?" అని అడిగింది జాయిస్, నేను బయల్దేరబోతుంటే.

మా అత్తగారు చేయిస్తున్నారని చెప్పాను. ఆమె నన్ను మళ్లీ కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. పెట్టుడు కాలు తడవకూడదు కాబట్టి స్నానానికి విప్పేయాలి. తడి నేల మీద ఒంటికాలితో నిలబడేది ఆ ఒక్క చోటే, పడిపోయేదీ అక్కడే. కూర్చోవడానికి ఎత్తుగా ఒక దిమ్మె, పైనుంచి నీళ్లు పడే షవరు, చేతికందేలా గోడలకు స్టీలు కడ్డీలు ఉంటే ఎవరి సాయమూ అక్కర్లేదంది.

"కడ్డీ ఎక్కడైనా దొరుకుద్ది మేడం. అది బిగించే గోడ చూసుకోండి ముందు. మీ బరువంతా దాని మీదే."

మా ఆయన తోడుగా ఎక్కిన బస్సు జగ్గయ్యపేట చేరేలోపే నేను గది కూడా నిర్ణయించేసుకున్నాను. మా పడకగదిని ఆనుకుని కొట్టుగది ఉంది. మా మామగారి కాలం నుంచీ మిరపకాయలు కుక్కిన టిక్కీలు, యూరియా బస్తాలు, పచ్చడి జాడీలు అందులోనే పెడుతున్నారు. దాన్ని స్నానాల గది చేయించాలి.

ఇల్లు పాతది. గోడలు మందంగా ఉంటాయి. స్నానాల గది మాత్రం పెరట్లో, మెట్లు దిగి వెళ్లాల్సిన చోట ఉండేది. రోజూ పొద్దున్నే మా అత్తగారు భారతీదేవి నా చంక కింద చెయ్యి వేసి ఆ మెట్లు దించి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నీళ్లు పోసేది. అంతకుముందు మేమిద్దరం కూరల గురించి, పాలవాడి గురించి, కరెంటు బిల్లు గురించి తప్ప పెద్దగా మాట్లాడుకున్నవాళ్లం కాదు. గొడవలూ లేవు, దగ్గరతనమూ లేదు. నీళ్లు పోయడం మొదలుపెట్టాక ఆమెకు మాటలొచ్చాయి. రెడ్డిగూడెంలో తన పుట్టింటి మామిడి తోటల గురించి, చిన్నతనంలో తోబుట్టువులతో చేసిన పోట్లాటల గురించి, పెళ్లయిన కొత్తలో ఈ ఇంట్లో చీకట్లో దారి తెలియక గుమ్మమనుకుని గోడకు గుద్దుకోవడం గురించి చెప్పేది. ఆ మాటలు నాకు నచ్చేవి. కానీ ఒంటి మీద నీళ్లు ఎప్పుడు పడాలో, ఎప్పుడు ఆగాలో ఇంకొకరి చేతిలో ఉండటం నాకు సయించేది కాదు.

అన్నాల దగ్గర విషయం చెప్పాను. మా ఆయన నవీన్‌బాబు వెంటనే సరేనన్నాడు. ఆయన ఎవరు ఏం చెప్పినా సరేనంటాడు. ఆ తర్వాత వాళ్లమ్మ వద్దంటే దానికీ సరేనన్నాడు.

అత్తగారు వద్దనడానికి కారణాలు చాలా చెప్పింది. జాడీలు ఎక్కడ పెట్టుకోవాలంది. నడింట్లో నీళ్ల గది ఏమిటంది. ఎండల్లో దుమ్ము రేపితే ఇంట్లో ఉండగలమా అంది. చివరికి కంచం ముందునుంచి లేస్తూ, "నేను పోస్తన్నాగా నీళ్లు. ఏం తక్కువైంది నీకిప్పుడు?" అంది.

"తక్కువేం కాలేదత్తయ్యా. నేనే పోసుకుంటా."

ఆమె కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. మర్నాడే నేను మేస్త్రీ ప్రేమదాసుకు ఫోన్ చేశాను.

ప్రేమదాసు మంచి పనివాడే. అయితే ఆ ఎండాకాలం అతనికి చేతినిండా పనులున్నాయి. కొట్టుగది గోడలు ఓసారి చూసి, పాత పూత మీదే ఉలితో గాట్లు పెట్టి టైల్స్ అతికించేస్తే నాలుగైదు రోజుల్లో అయిపోతుందన్నాడు. నేను చేతికర్ర తలకాయతో గోడను కొడుతూ పక్కకు జరిగాను. కొన్నిచోట్ల గట్టిగా పలికింది. చాలాచోట్ల డొల్లగా మోగింది.

"పాత గోడ గదా మేడంగారు, ఆమాత్రం మోగుద్ది. టైల్ పడితే ఏం కనపడదు."

"కనపడకపోతే చాలదు మేస్త్రీగారూ. ఒంటికాలి మీద నిలబడి ఈ గోడను పట్టుకుని వేలాడాల్సింది నేను."

అతను నా కాలి వంక చూసి, గోడ వంక చూశాడు. ఎక్కడ మోగిందో అక్కడ తనూ సుత్తితో కొట్టి చూసుకున్నాడు. పూత మొత్తం రాల్చాల్సిందేనని ఒప్పుకున్నాడు.

రాల్చడం మొదలుపెట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. మొదటి పెచ్చు ఊడి నేల మీద పడగానే గదంతా సన్నటి పొడి లేచింది. ఇన్నేళ్ల మిరప ఘాటు ఆ గోడల్లో ఇంకిపోయి ఉందని మాకెవరికీ తోచలేదు. ప్రేమదాసు తుమ్ముతూ బయటికి పరిగెత్తాడు. వెనకాలే కూలీలు, వాళ్ల వెనకాల నవీన్‌బాబు. నేను చేతికర్ర ఊడిపడేంత వేగంగా వీధిలోకి వచ్చిపడ్డాను. అత్తగారు వంటింట్లోంచి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చింది. అందరం అరుగు మీద కూర్చుని తుమ్ముతుంటే దారిన పోయేవాళ్లు ఆగి, కాయలు వేయిస్తున్నారా ఏంటని అడిగారు. అత్తగారికి నవ్వాగలేదు. డిసెంబరు తర్వాత ఆ ఇంట్లో ఎవరైనా అంత గట్టిగా నవ్వడం అదే మొదలు.

"చెప్పానా నేను, దుమ్ము రేగిద్దని" అంది, కళ్లు తుడుచుకుంటూనే.

మూతులకు తడి తువ్వాళ్లు కట్టుకుని పని పూర్తిచేశారు. పూత కింద ఇటుకలు బయటపడ్డాయి. సున్నం కాదు, మట్టితో కట్టిన గోడ. యూరియా బస్తాలు ఆనించిన వైపు నడుం ఎత్తు వరకూ చెమ్మ ఎక్కి, ఇటుకలు ముట్టుకుంటే పిండిలా రాలుతున్నాయి. ప్రేమదాసు సందుల్లోని మట్టి గీకించి, పాడైన ఇటుకలు తీసి కొత్తవి పెట్టించి, ఇక గోడ పూర్తిగా ఆరేవరకూ ఎవరం చేసేదేమీ లేదన్నాడు. ఆరకముందే పూత పూస్తే మళ్లీ ఉబ్బి ఊడిపోతుందని చెప్పి, నందిగామలో ఒప్పుకున్న ఇంకో పనికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పని నాది. పొద్దున్నే గోడ మీద తెల్లగా ఉప్పు పూసేది. ఇటుకలో ఇంకిన యూరియా ఉప్పు, ఆరేకొద్దీ నీటితోపాటు పైకి వస్తుంది. దాన్ని పొడి బ్రష్‌తో దులిపి, చాటలోకి ఎత్తి బయట పారెయ్యాలి. నేను పీట వేసుకుని కూర్చుని కింద భాగం, కర్ర సాయంతో నిలబడి పై భాగం దులిపేదాన్ని. చెమ్మ ఎక్కడిదాకా ఉందో సుద్దముక్కతో గీత గీసేదాన్ని. రెండు మూడు రోజులకు గీత లోపలికి జరిగేది. కొత్త గీత గీసేదాన్ని. ఊళ్లో ఎండ మండిపోతోందని అందరూ తిట్టుకుంటుంటే నేను మాత్రం ఇంకా మండాలని కోరుకున్నాను. గోడ మీద గీతలు ఒకదాని లోపల ఒకటి చెరువు ఎండుతున్నట్టు కనిపించేవి. నా లెక్క ప్రకారం మే మొదటివారానికి ఆరిపోవాలి.

ఒకరోజు జాయిస్ దగ్గరకు వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చేసరికి కొట్టుగది గడప దగ్గర నీళ్లు మడుగు కట్టి ఉన్నాయి. అత్తగారు చీర ఎగదోపుకుని, కొబ్బరి పీచుతో గోడ రుద్దుతోంది. పక్కన ఖాళీ బకెట్లు. గోడంతా నల్లగా తడిసి ఉంది. నా గీతల్లో ఒక్కటీ లేదు.

"ఉప్పు గదా, కడిగితే పోద్దని. నువ్వు రోజూ కూలబడి దులుపుతుంటే చూడలేక" అంది.

నాకు ఒళ్లు మండింది. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుందని, ఇన్నాళ్లు ఆరబెట్టిందంతా నీళ్లపాలైందని చెప్పాను. అక్కడితో ఆగలేదు.

"ఈ గది మీకిష్టం లేదని నాకు తెలుసు. ఇష్టం లేదంటే సరిపోయేది. గోడ పాడు చెయ్యడం దేనికి?"

ఆమె పీచు బకెట్లో వేసి, బకెట్ తీసుకుని నా పక్కనుంచి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్న మామూలుగానే వచ్చి మెట్లు దించింది. మామూలుగానే నీళ్లు పోసింది. సబ్బు కళ్లలో పడకుండా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టింది. మాట మాత్రం లేదు. అలా చాలా రోజులు గడిచాయి. నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు.

నేను మళ్లీ మొదటినుంచి దులుపుకున్నాను, గీతలు గీసుకున్నాను. ఆ ఏడు రోహిణి కార్తె ఎండలు మే రెండో వారానికే వచ్చేశాయి. మధ్యాహ్నం పూట గోడ మీద చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టుండేది. ఉప్పు పూయడం తగ్గి, ఒకరోజు పూర్తిగా ఆగింది. ప్రేమదాసును పిలిపించాను.

అతను గోడ తడిమి చూసి బాగా ఆరిందన్నాడు. కానీ ఇంకో చిక్కు ఉందన్నాడు. దిమ్మె పక్కన పెద్ద కడ్డీ వచ్చేది కొట్టుగదికీ అత్తగారి గదికీ మధ్య ఉన్న గోడకు. మట్టితో కట్టిన ఇటుకలో బోల్టు ఏమాత్రం పట్టు నిలుపుతుందో చెప్పలేనన్నాడు. ఆ గోడను రెండువైపులా తెరిచి, మధ్యలో ఇనుప చువ్వలతో కాంక్రీటు స్తంభం లేపి, దానికి కడ్డీ బిగిస్తే ఇక చూసుకోనక్కర్లేదు. అయితే అవతల పెద్దమ్మగారి గది కూడా ఖాళీ చెయ్యాలి.

ఆ గది జోలికి పోవద్దన్నాను. మా మామగారు పోయాక ఆమె ఆ గదిలో ఒక్క సామాను కూడా అటుదిటు జరపలేదు. పైగా ఆ గొడవయ్యాక ఆమెను ఏదీ అడగబుద్ధి కాలేదు. కాస్త పొడుగు బోల్టులు వేసి చూద్దామన్నాను. ఇదంతా మేం మాట్లాడుకుంటున్నప్పుడు అత్తగారు నడవలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

ప్రేమదాసు గోడకు రంధ్రాలు చేసి కడ్డీ బిగించాడు. చేత్తో పట్టి లాగి చూశాడు. కదల్లేదు. పరవాలేదన్నట్టే ఉందని చెప్పి టీ తాగడానికి వెళ్లాడు. నేను కర్ర గోడకు ఆనించి, కడ్డీ మీద చెయ్యి వెయ్యబోయాను.

"ఆగు" అంది అత్తగారు వెనకనుంచి.

లోపలికి వచ్చి, భుజం పట్టుకుని నన్ను పక్కకు జరిపింది. కొంగు నడుముకు చుట్టి బిగించింది. రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, మోకాళ్లు ముడిచి, మనిషి మొత్తం దాని మీద వేలాడింది. ఒక్క క్షణం నిలిచింది. తర్వాత బోల్టు, దాంతోపాటు ఇటుక, దాని చుట్టూ మట్టి, అన్నీ కలిసి ఊడొచ్చాయి. ఆమె నేల మీద చతికిలబడింది. ఒళ్లో కడ్డీ, ఒళ్లంతా మట్టి.

నేను వంగి లేపలేను. ఆమె వెంటనే లేవలేకపోయింది. గోడ పట్టుకుని మెల్లగా నేనూ ఆమె పక్కనే కూర్చున్నాను. దెబ్బ తగిలిందా అని అడిగాను. తగల్లేదని తల ఊపి, ఇటుక ముక్క చేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కింది. అది విడిపోయింది.

"ఇది నిన్ను మోసిద్దా" అంది.

నేను ఆమె కొంగు మీది మట్టి దులిపాను. నవీన్‌బాబు చప్పుడు విని వచ్చి ఇద్దరినీ లేపాడు. ప్రేమదాసు టీ తాగి వచ్చేసరికి అత్తగారి మంచం హాల్లో ఉంది. దాని మీద ఆమె చీరల పెట్టె, మామగారి ఫోటో, ఫ్యాను కూడా ఉన్నాయి. ఆమె తన గది గుమ్మంలో నిలబడి అతనికి చెబుతోంది.

"దాసూ, నా వైపు నుంచి కూడా పడగొట్టు. ఎంత కావాలంటే అంత."

గోడకు పైనుంచి కిందిదాకా సందు పడింది. కొట్టుగదిలో నిలబడితే అత్తగారి గది కిటికీ, దాని అవతల పెరడు కనిపించేవి. చువ్వలు నిలబెట్టి, చెక్కలు కొట్టి, కాంక్రీటు పోశారు. చెక్కలు విప్పిన రోజు ప్రేమదాసు వెళ్తూ వెళ్తూ, దీనికి పొద్దునా సాయంత్రం నీళ్లు పట్టాలని, ఎంత తడిపితే అంత గట్టిపడుతుందని చెప్పాడు.

కాసేపటికి అత్తగారు బకెట్ నింపుకుని వచ్చింది. స్తంభం ముందు ఆగింది. చెంబు ముంచి, పొయ్యకుండా నావైపు తిరిగింది.

"ఇప్పుడు పొయ్యొచ్చుగా?"

"ఇప్పుడు పొయ్యాలత్తయ్యా. ఎంత పోస్తే అంత మంచిది."

ఆమె పోసింది. పైనుంచి కిందిదాకా, చుట్టూ తిరిగి అవతలి గదిలోకి వెళ్లి అటునుంచి కూడా పోసింది. అటువైపు నుంచే మాట్లాడటం మొదలుపెట్టింది. వాళ్ల నాన్న రెడ్డిగూడెంలో బావికి సిమెంటు ఒర కట్టిస్తున్నప్పుడు తను కూడా ఇట్లాగే నీళ్లు పట్టిందట. వాళ్లక్క ఎండకు భయపడి పారిపోతే అక్క వంతు కూడా తనే పోసిందట. నేను పీట మీద కూర్చుని స్తంభం పక్కన ఇంకా పూడ్చని సందులోంచి ఆమె చెయ్యి, చెంబు కనపడుతుంటే వింటూ కూర్చున్నాను. ఆ రోజు నుంచి పెరట్లో స్నానం దగ్గర కూడా మాటలు తిరిగొచ్చాయి.

తర్వాత పనులు వరసగా జరిగిపోయాయి. అత్తగారు మేస్త్రీ కన్నా కటువుగా తయారైంది. కొత్త పూత పూశాక గరిటె కాడతో గోడంతా కొట్టి చూసి, ఒక మూల మోగుతోందని మళ్లీ పూయించింది. నీళ్లు ఇంకకుండా వేసే నల్లటి పూత రెండుసార్లు వేశారా లేదా అని దగ్గరుండి చూసుకుంది. నేల టైల్స్ మీద తడి చేసి, చెప్పుల్లేకుండా నడిచి, ఇవి జారుతున్నాయని ఒక రకం వాపసు పంపించింది. గరుకువి తెప్పించుకున్నాం. స్తంభానికి కడ్డీ బిగించిన రోజు ప్రేమదాసే స్వయంగా వేలాడి చూపించాడు. అది చాలక ఆమె నవీన్‌బాబును కూడా వేలాడమంది. ఆయన సరేనన్నాడు.

కాలేజీ తెరవడానికి ముందురోజు పెరట్లో నాకు చివరిసారి నీళ్లు పోసింది. తువ్వాలు అందిస్తూ, "రేపట్నుంచి నువ్వు లోపలికెళ్లి తలుపేసుకుంటే, పొద్దున్నే నాకు తోచదు" అంది. ఫిర్యాదులా అనలేదు. ఉన్న మాట చెప్పినట్టు అంది.

నేను తల తుడుచుకున్నాను. "నాకూ తోచదత్తయ్యా" అన్నాను. అది కూడా ఉన్న మాటే.

మర్నాడు పొద్దున్నే తలుపు వేసుకున్నాను. కాలు విప్పి, పొడిగా ఉన్న గూట్లో పెట్టి, కడ్డీ పట్టుకుని దిమ్మె మీదకు జరిగాను. కడ్డీ చల్లగా ఉంది. నా బరువంతా దాని మీద వేస్తే చిన్న కిర్రుమనే చప్పుడు కూడా రాలేదు. కుళాయి తిప్పాను. నీళ్లు నెత్తిమీద పడ్డాయి. కట్టేశాను. మళ్లీ తిప్పాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు పడ్డాయి, ఎప్పుడు వద్దంటే అప్పుడు ఆగాయి. సబ్బు నురగతో అట్లాగే కూర్చుని, ఎవరూ తొందరపెట్టకుండా, ఒళ్లంతా నెమ్మదిగా రుద్దుకున్నాను. కాలు తీసేసిన చోట కూడా.

చీర కట్టుకుని, కాలు బిగించుకుని, బ్యాగు భుజాన వేసుకుని బయటికొచ్చేసరికి అత్తగారు గుమ్మం పక్కన నిలబడి ఉంది. చేతిలో తువ్వాలు, ఉతికిన చీర.

"జరుగు. నేనూ పోసుకుంటా. ఆ పెరటి మెట్లు దిగలేక చస్తన్నా ఇన్నేళ్లుగా" అని లోపలికెళ్లి తలుపేసుకుంది.

నేను చెప్పులు వేసుకుంటుంటే లోపలినుంచి నీళ్ల చప్పుడు, ఆ వెంటనే ఆమె కేక వినపడ్డాయి. ఏదో తిప్పితే నీళ్లు ఎటునుంచో వచ్చాయట, మంచి చీర తడిసిపోయిందట. తలుపు గడియ తీసింది. నేను బ్యాగు మంచం మీద పెట్టి, కాలు విప్పి గుమ్మం బయట నిలబెట్టి, కుచ్చిళ్లు ఎగదోపుకుని, గోడల కడ్డీలు పట్టుకుంటూ లోపలికెళ్లాను. కుళాయి ఎటు తిప్పాలో చూపించాను. ఆమె దిమ్మె మీద కూర్చుని ముఖం మీద నీళ్లు తుడుచుకుంది.

"వచ్చావుగా ఎట్లాగూ. ఆ వీపు కాస్త రుద్దు, నాకు అందట్లా."

బయటినుంచి నవీన్‌బాబు బస్సు టైమవుతోందని పిలిచాడు. తర్వాతి బస్సుకు వెళ్తానని చెప్పి, ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని కుడిచేత్తో సబ్బు అందుకున్నాను.